రెండింతలు వడ్డించకు నాన్నా

నాన్నా,

కోడలు గర్భవతి కదా, తనకేం పెట్టాలని ఫోన్‌లో నువ్వు అడిగినవాటికి అప్పుడే చెప్పేదాన్నే, కానీ అమ్మాయి పక్కనే ఉండగా అది తినొచ్చా, ఇది తినకూడదా అని మనిద్దరం తన గురించి పంచాయితీ పెట్టడం నాకు నచ్చలేదు. అందుకే రాస్తున్నా. తన పళ్లేనికి కాపలా కాయమని కాదు, వంటింట్లో నీ వంతు పనేంటో తెలియాలని.

ముందు ఆ "ఇద్దరి తిండి తినాలి" అనే మాట మర్చిపో. మొదటి మూడు నెలలూ రోజూ తినేదానికంటే ఎక్కువేం అక్కర్లేదు. నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 340 కేలరీలు, చివరి మూడు నెలల్లో 450 దాకా అదనంగా పడితే చాలు. ఓ గ్లాసు పాలు, ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు కలిపితేనే 300 దగ్గరికి వచ్చేస్తాయి, చూసుకో మరి. కవలలైతే లెక్క వేరు, అది డాక్టరు చెప్తారు. మామూలు బరువున్న మనిషి మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోలు పెరగడం సరిగ్గా ఉన్నట్టే, కాబట్టి వారం వారం మిషన్ ఎక్కించి తనని టెన్షన్ పెట్టకు.

ఇప్పుడు అసలు కష్టం వేవిళ్లు. కడుపు ఖాళీగా ఉంటే వికారం ఇంకా పెరుగుతుంది, అది చాలామందికి తెలియదు, తినబుద్ధి కావట్లేదని మానేస్తారు, దాంతో ఇంకా తిప్పుతుంది. పొద్దున తను మంచం దిగకముందే రెండు పొడి బిస్కెట్లో, కాల్చిన బ్రెడ్డు ముక్కో చేతికివ్వు, తిని ఓ పావుగంట అలాగే ఉండి లేవమను. తర్వాత రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టు. వేడి వేడిగా ఉన్నదానికి వాసన ఎక్కువ, చల్లారాక అదే కూర తినగలుగుతుంది. తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరువు, తలుపు వెయ్యి. ఈ నాలుగు రోజులూ పోషకాల లెక్కలు తియ్యకు, ఏది లోపల నిలిస్తే అదే తిననీ. కానీ మంచినీళ్లు కూడా నిలవక, మూత్రం ముదురు రంగులో కొద్దిగా వస్తుంటే మాత్రం రేపు చూద్దాం అనకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు.

మాత్రల విషయం. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, 12 వారాలు నిండేదాకా తప్పకూడదు. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే మూసుకుపోతుంది, అప్పటికి చాలామందికి గర్భమన్న సంగతే తెలియదు. అందుకే ముందు నుంచే వేసుకోమంటారు. షుగరో మూర్ఛో ఉన్నవాళ్లకు మోతాదు ఎక్కువ ఉంటుంది, అది డాక్టరే చెప్పాలి. ఐరన్ మాత్ర రాసిస్తే మాత్రం దాని టైము నువ్వు చూసుకో. టీతోనో, కాఫీతోనో, పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టేది తక్కువే. కాల్షియం మాత్రతో కలిపి కూడా వద్దు, ఒకటి పొద్దున, ఇంకొకటి సాయంత్రం. నిమ్మరసంతోనో, కమలాపండు తింటూనో వేసుకుంటే బాగా పడుతుంది. విరేచనం నల్లగా అయితే గాభరా పడకండి, అది మాత్ర వల్లే. మలబద్ధకానికి నీళ్లు, పళ్లు, ఆకుకూరలు, కాస్త నడక.

కాఫీ పూర్తిగా మానక్కర్లేదు. రోజుకు కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే ఇన్‌స్టంట్ కాఫీ రెండు కప్పులు. టీ, కోలా, చాక్లెట్టు కూడా అందులోకే వస్తాయి. మద్యం చుక్క కూడా వద్దు, నువ్వు కూడా ఈ నెలలు మానేస్తే నేను సంతోషిస్తా!

కాచని పాలు, సగం ఉడికిన గుడ్డు, సరిగ్గా ఉడకని మాంసం, పచ్చి మొలకలు వద్దు. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని ధీమా పడకు, లిస్టీరియా అనే క్రిమి ఆ చల్లదనంలోనూ పెరుగుతుంది, మిగిలినదాన్ని పొగలు వచ్చేదాకా వేడి చెయ్యి, లేదా నువ్వు తినెయ్. చేపలు మంచివే, వారానికి రెండుసార్లు పెట్టు, సొరచేప లాంటి పెద్దవాటిలో పాదరసం ఉంటుంది, అవి వద్దు. కాలేయంలో విటమిన్ ఎ మరీ ఎక్కువ, అదీ పక్కన పెట్టు. ఇంట్లో పిల్లి ఉంటే దాని మలం ఎత్తే పని ఇక నీదే.

24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష చేస్తారు. ఒకవేళ ఎక్కువ వచ్చిందనుకో, "స్వీట్లు తినొద్దని చెప్పానా" అని నోరు జారకు. కడుపులో బిడ్డకు పోషణ అందించే మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ను సరిగ్గా పని చెయ్యనివ్వవు, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది. అప్పుడు తనకోసం ఏ తిండి మారిస్తే నువ్వూ అదే తిను. కాన్పయ్యాక 4 నుంచి 12 వారాల లోపు ఆ పరీక్ష మళ్లీ చేయించాలి, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో, బిడ్డ వచ్చాక మీ ఇద్దరికీ గుర్తుండదు.

అమ్మ