రిజిస్టర్లో తొమ్మిది మంది

చర్లపల్లి, హైదరాబాద్
శనివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, చిన్నది తొమ్మిదో తరగతికి వచ్చింది, షెడ్డు అద్దె మళ్ళీ పెంచారు. ఇంటి సంగతులు అయిపోయాయి. అసలు సంగతి వేరే ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

మన పొడుగాయన గుర్తున్నాడా? పోయినసారి నువ్వొచ్చినప్పుడు పేస్టింగ్ బల్ల దగ్గర నీకు అట్టపెట్టె మడవడం నేర్పించి, నువ్వు మడిచింది చూసి నవ్వు ఆపుకోలేకపోయాడే, ఆయన. నా దగ్గర ఆరేళ్ళు చేశాడు. 2020 అక్టోబరులో ఊరంతా మునిగిన రోజున కూడా మోకాల్లోతు నీళ్ళలో నడిచొచ్చి షెడ్డు ముందు నిలబడ్డాడు. తాళం తీయడానికి నేనే వెళ్ళలేదు.

ఆయన్ని రెండు నెలల కింద మాన్పించాను. ఏం చేయను? మా అట్టపెట్టెలు కొనే పెద్ద కంపెనీ వాడు డబ్బులు నాలుగు నెలలకు గానీ ఇవ్వడు. మాలాంటి చిన్నవాళ్ళకు 45 రోజుల్లో ఇవ్వాలని 2006 నుంచీ చట్టం ఉంది. ఆ మాట ఎత్తితే తర్వాతి ఆర్డరు రాదు. క్రాఫ్ట్ పేపరు వాడికేమో నేను నగదు కట్టాలి. పదకొండు మందిమి ఏడుగురయ్యాం.

పోయిన బుధవారం టీ కొట్టు దగ్గర నేను మాంచి ఊపు మీద ఉన్నాను. (మళ్ళీ మొదలుపెట్టాడు మన గొడుగు అనకు.) పని పోయినవాళ్ళకు ఈఎస్‌ఐ వాళ్ళు, అదే కార్మికుల బీమా వాళ్ళు, సగం జీతం ఇస్తారు తెలుసా? 2018లో పావు వంతుతో మొదలుపెట్టి, కరోనా ఏడాది సగం చేశారు. మీ అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 26 వారాలంటావు కదా, ఇక్కడ 90 రోజులే, అదీ జీవితంలో ఒక్కసారి. దానికే నేను గొంతు చించుకుంటున్నాను. ఇంట్లో కూర్చోబెట్టి డబ్బులిస్తే ఇంకెవడు పనికొస్తాడు, ఇప్పటికే కుర్రాళ్ళు పదో తారీఖు జీతం తీసుకుని పదకొండున బైకు మీద పార్సిళ్ళ పనికి పోతున్నారు, మేం ఏమైపోవాలి అని. అప్పుడే పొడుగాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. "సార్, గీ పైసలు నాకు గూడ వస్తయంట గద?" అన్నాడు.

అందరి ముందు ఏమనను? స్కూటరెక్కించుకుని ఈఎస్‌ఐ ఆఫీసుకు నేనే తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఏదో ఉపకారం చేస్తున్నట్టు ఫీలైపోతూ. అక్కడ ఆవిడ కంప్యూటర్లో చూసి మర్యాదగానే చెప్పింది. "రెండేళ్ళు ఇన్సూరెన్సులో ఉండాలండీ. ఈయన చేరి 14 నెలలే అయింది."

పొడుగాయన నా వైపు తిరిగాడు. కోపం లేదురా, నిజంగా అర్థం కాక అడిగాడు. "ఆరేండ్లు గద సార్?"

పది మంది ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. ఒకసారి అందులోకి వస్తే తర్వాత ముగ్గురే మిగిలినా వదలదు. అందుకే మా ఆడిటరు మొదట్లోనే చెప్పాడు, రిజిస్టర్లో తొమ్మిది దగ్గర ఆపండి అని. ఆపాను. షెడ్లో పదకొండు, కాగితం మీద తొమ్మిది. ఆ తొమ్మిదిలో కూడా పొడుగాయన పేరు లేదు, ఎప్పటికీ పోడు కాబట్టి రాయకపోయినా ఫర్వాలేదనుకున్నాను. చివరికి ఆ పెద్ద కంపెనీయే ఈఎస్‌ఐ కట్టిన చలాన్లు చూపించందే ఆర్డరివ్వనంటే, అందరి పేర్లూ ఎక్కించాను.

నన్ను దుర్మార్గుడనుకోకు. అప్పట్లో కరెంటు బిల్లు చూస్తేనే కళ్ళు తిరిగేవి. కానీ లెక్క వేశాను. జీతం 16,000. నా వాటా 3.25 శాతం, అంటే నెలకు 520. ఇంకో పది నెలల ముందు పేరు రాసుంటే చాలేది, 5,200. అది మిగుల్చుకున్నందుకు ఆయనకు పోయింది దాదాపు 24,000. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తోంది.

నిన్న కవర్లో పది వేలు పెట్టి ఇచ్చాను. తీసుకున్నాడు. "అప్పు కింద రాస్కోండ్రి సార్, పని దొరకంగనే ఇస్త" అన్నాడు. రాయనంటే తీసుకోడు. రాస్తే... ఆ రిజిస్టరు తీసి చాలాసేపు కూర్చున్నాను. అందులో ఆయన పేరు మొదటిసారి ఎక్కిన పేజీ

లోడు బండి వచ్చింది, డ్రైవరు హారన్ కొట్టి చంపుతున్నాడు. రేపు ఆదివారం, పోస్టు సోమవారం వేస్తాను. నువ్వు కూడా ఆ మధ్య మూడు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు అక్కడి డబ్బులు తీసుకున్నావా? ఎప్పుడూ అడగలేదు. వస్తున్నానయ్యా, ఆగు

నీ
గొడుగు