పాకం అంటిన ఫోను

కాకినాడ,
ముక్కనుమ

చిరంజీవి అమ్మలుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి మామూలే. భోగినాడు నువ్వు ఫోన్ చేస్తావని అరిసెలు వత్తుతూ కూడా ఫోన్ పక్కనే పెట్టుకుంది. దానికి పాకం అంటి ఇప్పుడు సగం తెర పనిచేయడం లేదు. నువ్వు పంపిన "బిజీ నాన్నా" చూశాం. బిజీయే అయ్యుంటావు. మాకేం టెన్షన్ లేదు.

మెండోటా సరస్సు గడ్డకట్టిందా? పోయినేడు దానిమీద నడుస్తున్న ఫొటో పంపావు. ఈసారి నడవకు. నడిచినా ఫొటో మాత్రం అమ్మకి పంపకు. చెవులు కప్పుకుంటున్నావా?

పండక్కి బుల్లి మామయ్య వాళ్లు వచ్చారు. వాళ్లవాడు మాటల్లో నోరు జారాడు. నీ రిసెర్చ్ పేపర్ రెండోసారి కూడా తిరిగొచ్చిందట, అంతకుముందు అచ్చయిన మొదటిదాన్ని ఎవరూ పట్టించుకోలేదట, పీహెచ్‌డీ మధ్యలో మానేసి మాస్టర్స్ పట్టా పుచ్చుకుని బయటపడతావట. నేను విననట్టే కందిపప్పు ధర గురించి అడిగాను. అదలా ఉంచు.

అటక దులుపుతుంటే నీ కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పుస్తకం దొరికింది. పాలిటెక్నిక్‌లో ఉన్నన్నాళ్లూ 8085 మైక్రోప్రాసెసర్ కిట్ల దగ్గరే ఆగిపోయినవాణ్ణి కదా, మధ్యాహ్నాలు కూర్చుని చదువుతున్నాను. నువ్వు ఎక్కువ పెన్సిల్ గీతలు పెట్టింది టొమసూలో దగ్గర, అదే, ప్రాసెసర్‌లో ఒక లెక్క దేనికోసమో ఆగితే మిగతావి ఆగకుండా సాగిపోయే పద్ధతి కనిపెట్టిన ఐబీఎం ఇంజనీరు. కావలసిన అంకె అందేదాకా లెక్క కాచుకుని కూర్చునే చోటుకి 'రిజర్వేషన్ స్టేషన్' అని పేరు చూసి మొదట రైల్వే కౌంటరే గుర్తొచ్చింది. మూడోసారి చదివాక తెలిసింది, అది మీ చిన్నత్త పెళ్లిలో వంటశాల.

అప్పటికి నువ్వు పుట్టలేదు. పెళ్లి రామచంద్రపురంలో. కొబ్బరికాయలు అంబాజీపేట నుంచి రావాలి. కోటిపల్లి రేవులో పంటు ఆలస్యమై అవి అవతలి ఒడ్డునే ఉండిపోయాయి. కూరలోకి కొబ్బరి, పచ్చడికి కొబ్బరి, బూరెల పూర్ణంలోకీ కొబ్బరే. ఇంకో వంటవాడైతే గరిటె పక్కన పడేసి కూర్చునేవాడు. మన వంటాయన (ముక్కుపొడుం పీలుస్తాడని మీ బామ్మ ఆయన్ని కాజాల దగ్గరికి రానిచ్చేది కాదు, అది వేరే కథ) కొబ్బరితో పనిలేని పప్పు, పులుసు, పులిహోర ముందు పొయ్యెక్కించేశాడు. కొబ్బరి కావలసిన మూడు గిన్నెల్లోనూ మిగతా సరుకంతా సిద్ధం చేసి, మూతలమీద సుద్దతో 'కొ' అని రాసి, ఒక్కోదాని దగ్గర ఒక్కో కుర్రాణ్ణి కూర్చోబెట్టాడు. తొమ్మిదింటికి బండి వచ్చింది. కాయలు కొట్టి, కోరి, "కొబ్బరీ!" అని ఒకటే కేక. ముగ్గురు కుర్రాళ్లూ ఒకేసారి లేచారు. దేనికోసం ఆగిందో చెప్పే సుద్ద గుర్తే మీ ట్యాగ్, వచ్చిందని అందరికీ ఒకేసారి వినిపించే ఆ కేకే మీ కామన్ డేటా బస్. అవునా కాదా? తప్పయితే చెప్పు.

వంట ఎలా జరిగినా వడ్డన మాత్రం వరస తప్పలేదు. పులుసు ముందే ఉడికినా పప్పు తర్వాతే పంక్తిలోకి వచ్చింది. టొమసూలో పద్ధతి వాడిన ఐబీఎం 360/91 కంప్యూటర్‌లో ఈ వడ్డన వరసే లోపించిందట. మధ్యలో ఇంటరప్ట్ వచ్చి పని ఆపాల్సి వస్తే ఎంతవరకు అయిందో కచ్చితంగా చెప్పలేకపోయేది. దానికి, ఫలితాలను మళ్లీ వరసలో పెట్టి వడ్డించే రీఆర్డర్ బఫర్ అని 1985లో దారి చూపిన స్మిత్, ప్లెస్కన్ మీ మాడిసన్ యూనివర్సిటీ వాళ్లే కదా!

టొమసూలో పేపర్ 1967 జనవరిది. ఆ యంత్రంలో కూడా ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశాల) లెక్కల వరకే వాడారు. మరుసటేడు ఐబీఎం వాళ్లే క్యాష్ మెమరీతో (తరచు కావలసినవి చేతికందేలా ఉంచే చిన్న, వేగమైన మెమరీ) 360/85 ప్రకటించారు. చాలా ప్రోగ్రాముల్లో అది 91ని దాటేసింది. ఇక పాతికేళ్లు ఆ పద్ధతి దాదాపు అటకమీదే. 1995లో ఇంటెల్ పెంటియం ప్రో ప్రాసెసర్ వచ్చాక మళ్లీ కిందికి దిగింది. ఇప్పుడు మన చేతుల్లో ఫోన్ల దాకా వచ్చింది. టొమసూలోకి కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ఎకర్ట్-మాక్లీ అవార్డు ఇచ్చింది 1997లో, ముప్పై ఏళ్లకి! ఎవరి పేపర్లను ఎంతమంది ఉదహరించారో లెక్కగట్టే, మీరంతా పట్టుకు వేలాడే హెచ్-ఇండెక్స్ పుట్టిందే 2005లో. మీ ఆర్కిటెక్చర్ వాళ్ల సదస్సు ఇస్కాలో వచ్చిన పేపర్ల ప్రభావానికి బహుమతి ఇవ్వడానికి కూడా పదిహేనేళ్లు ఆగి చూస్తారటగా. నువ్వు మొదటి పేపర్ వచ్చిన పదహారు నెలలకే...

ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే మొదలెట్టేశాను. మీ అమ్మ భుజంమీంచి చదివి, "దానికి పాఠాలు చెప్పకండి, అన్నం తింటోందో లేదో అడగండి" అంటోంది. తింటున్నావా? బ్రెడ్డు అన్నం కాదు.

అమ్మ చెప్పిందని కాదు గానీ, టొమసూలోతో నిన్ను పోల్చడం న్యాయం కాదని నాకూ తెలుసు. ఆయన నెల నెలా జీతం తీసుకునే ఇంజనీరు. నీది స్టైపెండు, అందులో అద్దెకే ఎంత పోతుందో నాకు చెప్పవు. మానేస్తే మానెయ్. రెండు మాటలంటాను, మూడోది మింగేస్తాను. కానీ ఆ సంగతి బుల్లి మామయ్య కొడుకు నోట, అదీ బొబ్బట్టు నములుతూ చెబితే వినాల్సి రావడం...

గోంగూర సీసా మూత గట్టిగా ఉంటే వేడినీళ్లలో పెట్టి తియ్యి, చాకుతో కాదు. నీ పుస్తకంలో ఒక బొమ్మ పక్కన పెన్సిల్‌తో పెద్ద ప్రశ్నార్థకం పెట్టి వదిలేశావు. దానికి జవాబు నాకూ అందలేదు. ఆదివారం రాత్రి తొమ్మిదికి మేలుకునే ఉంటాను, మీకప్పుడు పొద్దున్న తొమ్మిదిన్నర. నా నంబరుకే చెయ్యి, దీనికి పాకం అంటలేదు.

మీ నాన్న