కంప్యూటర్ పెట్టె మీదే అప్‌డేట్ల గడువు ముద్రించాలి

సంపాదకులకు,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిదిద్దే ఉచిత అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి 'ఇక కొత్త కంప్యూటర్ కొనక తప్పదు' అనే మాట ఎక్కడ చూసినా వినిపిస్తోంది. నిక్షేపంలా పనిచేస్తున్న యంత్రాలను జనం వదిలించుకుంటుంటే బాధగానూ కోపంగానూ ఉంది.

దాని తర్వాతి విండోస్ 11కు మారాలంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. 2016లో కొన్న కంప్యూటర్‌కు మంచి తెర, 8 జీబీ ర్యామ్ ఉన్నా ఈ పరీక్షలో నెగ్గదు. అలాగని అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్‌తో బ్యాంకు లావాదేవీలు చేయడం మాత్రం ప్రమాదమే.

అలాంటి వారికి విండోస్ బదులు వాడుకోగల లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కంప్యూటర్‌ను అక్కడి నుంచే మొదలయ్యేలా (బూట్) చేస్తే, లోపలి డిస్క్‌లో ఏమీ మార్చకుండానే వైఫై, ప్రింటర్, స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. నచ్చాకే ఇన్‌స్టాల్ చేయాలి. దానికి ముందు ఫొటోలనూ పత్రాలనూ వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం మరువకూడదు. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలామందికి సరిపోతుంది. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడినవారు, వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుంటే ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. యంత్రం నెమ్మదిస్తే పాత హార్డ్ డిస్క్ తీసి అంతకంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ డిస్క్ పెట్టించండి, తేడా మీకే తెలుస్తుంది.

రోజువారీ పనికి చాలదనిపించిన కంప్యూటర్‌నూ పారేయనక్కరలేదు. అందులో జెల్లీఫిన్ అనే ఉచిత మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్ పెడితే ఇంట్లోని వీడియోలు, పాటలు టీవీలోనూ ఫోన్లలోనూ చూడవచ్చు, వినవచ్చు. 4కే వీడియో ఆగి ఆగి వస్తుంటే చాలామంది ఇంటర్నెట్‌ను తిడతారు. ఇంట్లోని ఫైలుకు ఇంటర్నెట్‌తో పనే లేదు. ఆ ఫైలు హెచ్ఈవీసీ అనే పద్ధతిలో కుదించిన వీడియో అయితే, టీవీకి అది చదవడం రానప్పుడు మార్చి పంపే భారం పాత ప్రాసెసర్ మీద పడుతుంది. టీవీ నేరుగా చదవగలిగితే ఆ బాధ ఉండదు. కంప్యూటర్‌ను వైఫైతో కాక కేబుల్‌తో రౌటర్‌కు కలపడం ఇంకా మేలు.

ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. వాటిలో సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్లు నమోదైంది నాలుగో వంతు కూడా లేదు. ఆ గుట్టలోకి బాగున్న కంప్యూటర్లను కూడా తోయడం అన్యాయం కాదా?

భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ వరకు వస్తాయో కొనేనాడే పెట్టె మీద ముద్రించేలా ప్రభుత్వాలు చట్టం తేవాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు అనుసంధానమయ్యే వినియోగదారుల పరికరాలకు ఈ గడువు వెల్లడించడం తప్పనిసరి. అక్కడ కూడా డెస్క్‌టాప్‌లకు, ల్యాప్‌టాప్‌లకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు లేని చట్టం కావాలి. మీ పత్రిక ఈ విషయాన్ని చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు