సింగూరు బాతుల గురించి అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మొన్న జనవరిలో ఒక ఆదివారం పొద్దున మంజీరా నది మీది సింగూరు డ్యామ్ బ్యాక్‌వాటర్ దగ్గర చూసింది మీకు చెప్పాలని రాస్తున్నా సార్. ముందురోజు సాయంత్రం ఫ్రెండ్ ఫోన్ చేసి, అక్కడ బార్ హెడెడ్ గూస్ అనే వలస బాతుల గుంపులో ఒక గ్రేలాగ్ ఉన్నట్టుంది అన్నాడు. గ్రేలాగ్ అంటే భరత్‌పూర్ వైపో ఒడిశా చిలికాలోనో కనిపించే బాతు, మన దక్కన్‌కి రావడం చాలా అరుదు. ఇంక నిద్రెక్కడ పడుతుంది, నాలుగింటికే హైదరాబాద్‌లో బయల్దేరి, జోగిపేటలో ఒక చాయ్ తాగి, వెలుగు రాకముందే గట్టు మీద దూరపు పక్షుల్ని చూసే స్కోప్ పెట్టుకుని కూర్చున్నా.

ముందు అరుపులే వినిపించాయి, తర్వాత పొగమంచులోంచి వరసలు వరసలుగా దిగాయి. ఇవి రాత్రంతా శనగ చేలల్లో మేసి తెల్లారేసరికి నీళ్ళ ఒడ్డుకి వచ్చి పగలంతా రెస్ట్ తీసుకుంటాయి సార్. రెండొందల దాకా ఉన్నాయి. ఒక్కో తలా చూసుకుంటూ పోయా, తెల్ల తల, వెనక రెండు నల్ల పట్టీలు, మళ్ళీ అదే, మళ్ళీ అదే. ఒకదానికి పట్టీలు లేవు! గుండె ఆగినంత పనైంది, కానీ ముక్కు పసుపే, అంటే ఇదీ బార్ హెడెడే, పోయిన వేసవిలో పుట్టిన పిల్ల, పిల్లలకి పట్టీలు ఇంకా రావు. తర్వాత ఆ చివర్న కొంచెం పెద్దగా, బూడిద రంగులో ఒకటి, తల రెక్కలో దాచుకుని నిద్రపోతోంది. తలెత్తితే ముక్కు గ్రేలాగ్‌కి ఉండే గులాబీ రంగో కాదో తేలిపోతుంది. ఇరవై నిమిషాలు కన్ను తియ్యకుండా చూశా.

అప్పుడొచ్చింది డ్రోన్. ఎవరో ప్రీ వెడ్డింగ్ షూట్ కోసం కారు నీళ్ళ అంచుదాకా తెచ్చి, డ్రోన్‌ని సరిగ్గా గుంపు మీదికి పంపారు. మొత్తం లేచిపోయాయి, పైన రెండు చుట్లు తిరిగి అవతలి వైపు వెళ్ళిపోయాయి, పదింటి దాకా కూర్చున్నా ఒక్కటీ తిరిగి రాలేదు. షూట్‌కి వచ్చిన ఆ కుర్రాళ్ళని తప్పు పట్టను సార్, అది బాతులు పడుకునే చోటని వాళ్ళకి చెప్పే బోర్డు ఒక్కటైనా లేదక్కడ.

నాకు గ్రేలాగ్ దొరకలేదు, అది నా బాధ, పోనివ్వండి. కానీ ఆ బాతులు టిబెట్, మంగోలియా వైపు నుంచి హిమాలయాలు దాటి వచ్చినవి, ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే ఏడు వేల మీటర్ల పైన కూడా ఎగిరినట్టు తేలింది. మార్చి వచ్చేసరికి మళ్ళీ అదే దారి పట్టాలి, అందుకు కావాల్సిన కొవ్వు ఇక్కడే ఒంట్లో కూడబెట్టుకోవాలి, పగటిపూట ఇలా లేపుతూ ఉంటే తిన్నదంతా ఎగరడానికే అయిపోతుంది. మంజీరా అభయారణ్యం 1978 నుంచి ఉంది, సంతోషం, కానీ అది డ్యామ్ దిగువ నుంచి, నేను చెప్పే గుంపు కూర్చునేది డ్యామ్ ఎగువన. కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువుకి ఇవే బాతులు వస్తాయి, దానికి 2024లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన తడినేలలకిచ్చే గుర్తింపు, కూడా వచ్చింది, మనం అంత దూరం తర్వాత వెళ్దాం.

నేను అడిగేది చిన్నది. నవంబర్ నుంచి మార్చి దాకా ఆ ఒడ్డున డ్రోన్లు వద్దు, నీళ్ళ అంచుకి బండ్లు వద్దు, తెలుగులో రెండు మూడు బోర్డులు పెట్టించండి, చేపలు పట్టుకునే వాళ్ళలోనే ఇద్దరిని జీతం ఇచ్చి కాపలా పెట్టండి, ఆ ఒడ్డు వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఇంకొకటి, వచ్చేటప్పుడు దారిలో ఒక రైతు, శనగ సగం బాతులకే పోతోంది, రాత్రిళ్ళు చేనులోనే పడుకుంటున్నాం అన్నాడు. ఆయన మాటా నిజమే కదా సార్, పంట నష్టం ఎవరైనా వచ్చి చూసి రాసుకుంటే ఆ బాతుల మీద ఆయనకి కోపం ఉండదు.

నవంబర్‌లో మొదటి గుంపులు దిగుతాయి, ఆ లోపే బోర్డులు పడేలా చూడండి. నేను మాత్రం మళ్ళీ అదే గట్టు మీద ఉంటా.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పక్షుల పిచ్చోడు