ఎముక అల్లికనూ కొలవాలి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతికి ముందు మా అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆరు నెలల కిందటి డెక్సా స్కాన్‌లో (ఎముక సాంద్రత కొలిచే పరీక్ష) టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువత ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 1.9. ‘కాస్త తక్కువే, టెన్షన్ వద్దు’ అన్నారప్పుడు. మైనస్ 2.5కి దిగితేనే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అంటారు మరి.

ఆ స్కాన్ ఎముకలో ఖనిజం ఎంతుందో చెబుతుంది, లోపల అదెలా అల్లుకుందో చెప్పదు. సర్జన్ గారు ఎక్స్‌రేను లైటుకు పట్టి చూపించారు. సన్నని గీతల వల, అక్కడక్కడా తెగిపోయి ఉంది. ఇలాంటి వలను కొలవడానికి ఫ్రాక్టల్ గణితం ఉంది, అంటే ఎంత దగ్గరగా చూసినా అదే తీరు చిక్కుదనం కనిపించే ఆకారాల లెక్క. ఆ పేరు 1975లో గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ పెట్టారు. బొమ్మ మీద గళ్లు పరిచి, గీత తగిలిన గళ్లు లెక్కపెడతారు. గళ్లు చిన్నవి చేసి మళ్లీ లెక్కిస్తారు. ఆ సంఖ్య పెరిగే తీరును బట్టి 1కీ 2కీ మధ్య ఒక అంకె వస్తుంది; వల ఎంత చిక్కగా అల్లుకుందో అది చెబుతుంది. పంటి ఎక్స్‌రేల మీద కూడా ఈ పరిశోధన జరుగుతోంది.

ఎక్స్‌రే తీసే పద్ధతి మారితే అంకె మారుతుంది, నిజమే. అందుకే మన నిమ్స్, ఉస్మానియా ఎముకల డాక్టర్లు, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు కలిసి కూర్చుని మనవాళ్ల ఎక్స్‌రేలతోనే ఒక ప్రమాణం తయారుచేయాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్