6ఎస్ బ్యాటరీకి పనికొస్తుందని అమ్మిన వీడియో ట్రాన్స్‌మిటర్ కాలిపోవడంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: వీడియో ట్రాన్స్‌మిటర్ వోల్టేజీ గురించి తప్పు సమాచారం, డబ్బు వాపసు.

ఆర్యా,

మూడు నెలల కిందట మీ దగ్గర 3,950 రూపాయలకు ఒక అనలాగ్ వీడియో ట్రాన్స్‌మిటర్ కొన్నాను. బిల్లు, ఛాట్ కాపీ, ఫొటోలు జతపరిచాను. మాది అమలాపురం దగ్గర పల్లె. పెళ్లిళ్లకూ, కొబ్బరితోటల్లో కట్టిన గెస్ట్‌హౌస్‌లకూ ఎఫ్‌పీవీ డ్రోన్‌తో, అంటే దాని కెమెరా బొమ్మను కళ్లకు పెట్టుకున్న గాగుల్స్‌లో చూస్తూ నడిపే డ్రోన్‌తో, వీడియోలు తీసి బతుకుతున్నాను. రికార్డింగ్‌కి వేరే కెమెరా ఉంటుంది. కానీ గాగుల్స్‌లో నాకు దారి చూపించేది ఈ ట్రాన్స్‌మిటరే.

మీ పేజీలో ‘2ఎస్ నుంచి 6ఎస్ వరకు’ అని, అంటే రెండు సెల్స్ బ్యాటరీ నుంచి ఆరు సెల్స్ బ్యాటరీ వరకు పనికొస్తుందని రాశారు. పెట్టెలోని కాగితం మీదా అదే ఉంది. అయినా అనుమానం తీరక ఛాట్‌లో అడిగితే, ‘6ఎస్ నేరుగా కలుపుకోవచ్చు సార్, ఏం కాదు’ అని మీ ప్రతినిధి రాశారు. ఆ మాట నమ్మే కొన్నాను.

మొదట్లో 4ఎస్ బ్యాటరీతో నడిపాను. ఫుల్ ఛార్జ్‌లో అది 16.8 వోల్టులు. ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత పెద్ద ఫ్రేమ్ కట్టుకుని, ఇదే ట్రాన్స్‌మిటర్‌ని అందులోకి మార్చి, 6ఎస్ పెట్టాను. గత నెల 14వ తేదీ ఉదయం మా తోటలోనే పరీక్షించాను. ఎగరేసేముందు మల్టీమీటర్ పెడితే 25.2 వోల్టులు చూపించింది. నాలుగో నిమిషంలో బొమ్మ మీద అడ్డగీతలు వచ్చాయి, ఆ వెంటనే గాగుల్స్ నల్లబడ్డాయి. రిమోట్ పనిచేస్తూనే ఉంది, కానీ డ్రోన్ ఎటు తిరిగి ఉందో తెలియనప్పుడు రిమోట్ ఉండి ఏం లాభం? మోటార్లు ఆపేశాను. కొబ్బరి మట్టల మీంచి జారి బోదె గట్టున పడింది. ఆ గట్టు మీద రోజూ ఆ వేళకి బడిపిల్లలు నడిచి వెళ్తారు. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

ఇంటికి తెచ్చి హీట్‌సింక్ ఊడదీస్తే ఒక్కసారిగా కమురు వాసన కొట్టింది. ఎర్ర వైరు అతికిన చోట వోల్టేజీని తగ్గించి ఇచ్చే రెగ్యులేటర్ చిప్ ఉబ్బి ఉంది, దాని చుట్టూ బోర్డు గోధుమరంగులో మాడింది. దాని పక్కనే ఆవగింజంత అక్షరాలున్నాయి. మా నాన్నగారు పేపరు చదివే భూతద్దం పెట్టి చూస్తే ‘7-24 వోల్టులు’ అని ఉంది.

ఈ డ్రోన్ బ్యాటరీల్లో ఉండే లైపో (లిథియం పాలిమర్) సెల్‌ని 3.7 వోల్టులని పిలుస్తాం గానీ, నిండా ఛార్జ్ అయితే 4.2 ఉంటుంది. ఆరు సెల్స్‌కి 25.2. అంటే బోర్డు తట్టుకోగలిగిన గరిష్ఠ హద్దు బ్యాటరీ కలిపిన క్షణంలోనే దాటిపోయింది. పైగా మోటార్ల వేగం పెంచే థ్రాటిల్ ఒక్కసారిగా వదిలినప్పుడు మోటార్ల నుంచి వెనక్కి తన్నే వోల్టేజీ ఉండనే ఉంది. 2ఎస్ సంగతీ అంతే. ఒక్కో సెల్ 3.5కి దిగేసరికి మొత్తం 7కి వస్తుంది, ఇంకాస్త వాడితే ట్రాన్స్‌మిటర్‌కి చాలదు. మీరు రాసిన రెండు కొసలూ తప్పే.

ఫోన్ చేస్తే, అలా ఎగిసే వోల్టేజీని అణిచే కెపాసిటర్ వేయకపోవడం నా తప్పన్నారు. 35 వోల్టుల, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ బ్యాటరీ వైర్ల మొదట్లోనే సోల్డర్ చేశాను. ఫొటోలో కనిపిస్తుంది, చూడండి.

ఆ తర్వాత మీవాళ్లు ఇచ్చిన సలహా నాకు మరింత బాధ కలిగించింది. ‘బ్యాలెన్స్ వైరు నుంచి మూడు సెల్స్ కరెంటు తీసుకోండి’ అన్నారు. సెల్స్ అన్నీ సమంగా ఛార్జ్ కావడానికి ఒక్కో సెల్ నుంచి వచ్చే సన్న వైరు అది. అలా చేస్తే ఆ మూడు సెల్సే ఎక్కువ అరుగుతాయి. ప్యాక్ మొత్తం వోల్టేజీ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, లోపల మాత్రం ఆ మూడూ ప్రమాదకరమైన స్థాయికి పడిపోతాయి. ఉబ్బిన లైపోకి నిప్పు ఎలా అంటుకుంటుందో తెలిసినవాళ్లు ఎవరికీ ఈ మాట చెప్పరు. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు మీ మాట విని అదే చేస్తారు.

ప్రస్తుతం మరోచోట కొన్న ట్రాన్స్‌మిటర్‌కి విడిగా చిన్న 3ఎస్ 450 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టుకున్నాను. అది 12 వోల్టుల దగ్గర 0.65 ఆంపియర్లు తీసుకుంటోంది. బ్యాటరీలో ఐదో వంతు మిగిల్చినా అరగంట వస్తుంది. కెమెరా గ్రౌండ్ వైరూ దీని గ్రౌండ్ వైరూ కలపాలి, లేకపోతే బొమ్మ సరిగా రాదు. బరువు కొంచెం పెరిగింది, అయినా భయం లేదు. ఈ నాలుగు మాటలు కొనేముందే మీరు చెప్పి ఉంటే సరిపోయేది.

నాకు 3,950 రూపాయలు, విరిగిన రెండు మోటార్ ఆర్మ్‌లకు 1,100 రూపాయలు ఇప్పించండి. పేజీలో ‘2ఎస్-6ఎస్’ తీసేసి, కనిష్ఠ, గరిష్ఠ వోల్టులు పెద్ద అక్షరాల్లో రాయండి. ఇదే సరుకు కొన్న మిగతావాళ్లకీ మెసేజ్ పంపండి. నా డబ్బు కన్నా ఇదే ముందు జరగాలని కోరుతున్నాను.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 హెల్ప్‌లైన్‌కీ, ఆపై మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తాను. కాలిన బోర్డు కవర్లో పెట్టి భద్రంగా ఉంచాను. పరిశీలనకు కావాలంటే మీ ఖర్చుతో కొరియర్ పంపండి, రసీదు తీసుకుని ఇస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు