2025–26 వార్షిక నివేదిక: ఇంటి ప్లానులో నడుస్తున్న వ్యాపారాలు

సభ్యులందరికీ నమస్కారం.

తిరుపతిలో కపిలతీర్థం రోడ్డుకు దగ్గరగా ఉన్న మన వీధుల సంక్షేమ సంఘం ఈ ఏడాది చేసిన పనులను ఉగాది సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఎప్పటిలాగే వానలకు ముందు కాలువల్లో పూడిక తీయించాం. వెలగని వీధి దీపాల గురించి నగరపాలక సంస్థకు అర్జీలు ఇచ్చాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా చదువుతారు. మిగిలిన నివేదిక అంతా ఒకే విషయం గురించి: ఇళ్లలో వ్యాపారాలు నడుస్తున్నప్పుడు పొంచి ఉండే అగ్నిప్రమాదం. సంఘం శ్రమ చాలావరకు దానికే ఖర్చయింది కనుక ఇందుకు క్షమాపణ అడగడం లేదు.

2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనం అంటుకొని 17 మంది చనిపోయారు. కింద దుకాణాలు, పైన కాపురాలు, రాకపోకలకు ఒకటే ఇరుకు దారి. ఆ తరువాత జరిగిన కార్యవర్గ సమావేశంలో ఎవరూ కార్యక్రమ పట్టిక జోలికి పోలేదు. ఆ భవనం గురించి పత్రికల్లో చదివినదంతా మన వీధి గురించి రాసినట్టే ఉందని ఒక సభ్యురాలు అన్నారు.

ఆమె మాట నిజం. మన ఇళ్లన్నీ ఒక్కో కుటుంబం కోసం కట్టుకున్నవి. ఇప్పుడు వాటిలో రక్తపరీక్షల కేంద్రం ఉంది, ఆడపిల్లల హాస్టలు ఉంది, సాయంత్రం ట్యూషన్లు ఉన్నాయి, యాత్రికులకు రోజువారీ అద్దెకిచ్చే గదులు ఉన్నాయి. గోడలు అవే, మెట్లు అవే. నగరపాలక సంస్థ ఆమోదించిన ప్లానులో మాత్రం అవి ఇప్పటికీ నివాస గృహాలే.

ఈ తేడా కాగితాలకే పరిమితమని చాలామంది అనుకుంటున్నారు. అది పొరపాటు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి (నేషనల్ బిల్డింగ్ కోడ్) భవనాన్ని దాని ఎత్తుతో పాటు వాడకాన్ని బట్టి కూడా వర్గీకరిస్తుంది. నివాస గృహానికి మెట్ల వెడల్పు ఒక మీటరు చాలు. అదే విద్యాసంస్థకు మీటరున్నర, ఆసుపత్రికి రెండు మీటర్లు ఉండాలి. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఇంట్లోవారికి చీకట్లో కూడా మలుపు తెలుస్తుంది, గొళ్లెం ఎటు తిప్పాలో తెలుస్తుంది. నిన్న రాత్రి రైలు దిగి గదిలో చేరిన యాత్రికుడికి మెట్లు ఏ వైపున్నాయో కూడా గుర్తుండదు. ఇంటి తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. నలుగురున్నప్పుడు దానివల్ల ఇబ్బంది లేదు. నలభై మంది వెనక నుంచి తోసుకొస్తే ముందున్నవారు ఆ తలుపును తమవైపు లాగలేరు.

రేణిగుంట మనకు ఎంతో దూరం కాదు. 2022 సెప్టెంబరు 25న తెల్లవారుజామున అక్కడ కింద ఆసుపత్రి, పైన నివాసం ఉన్న భవనం అంటుకొని ఒక వైద్యుడు, ఆయన ఇద్దరు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. చుట్టూ ఇళ్లున్నా, సాయానికి మనుషులున్నా ఆ ముగ్గురూ మిగల్లేదు. ఇలాంటి ప్రమాదాల్లో మంటకంటే ముందు పొగ చంపుతుంది. ఫోము పరుపులు, రెగ్జిను కుర్చీలు, ప్లాస్టిక్ సామాను కాలితే వచ్చే విషవాయువు మెట్ల దారిని పొగగొట్టంగా చేసుకొని పైకి పోతుంది. మనం దిగాల్సిన దారిలోనే అది ఎక్కుతుంది. 2022లోనే సెప్టెంబరు 12న సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది చనిపోయింది ఇలాంటి పొగవల్లనే.

ఆ సమావేశం తరువాత కొందరం టేపు, టార్చిలైటు పట్టుకొని ఇంటింటికీ తిరిగాం. తనిఖీ చేసే అధికారం మనకు లేదు, అందుకే యజమాని రమ్మన్న చోటికే వెళ్లాం. మెట్ల కింద ద్విచక్ర వాహనాలు, మలుపుల్లో ఖాళీ సిలిండర్లు, అట్టపెట్టెలు చాలాచోట్ల కనిపించాయి. వంటగ్యాసు గాలికంటే బరువైనది కనుక లీకైతే పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది, సెల్లారులో గుంటలో నీరులా నిలుస్తుంది. సెల్లారులో వంట చేయించే యజమానికి ఈ ఒక్క మాట చెప్పగానే ఆయన పొయ్యి పైకి మార్పించారు.

కరెంటు సంగతి మరింత భయపెట్టింది. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ కోసం వేసిన వైరింగు మీద ఇప్పుడు గదికొక ఏసీ నడుస్తోంది. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) మాటిమాటికీ పడిపోతోందని ఒకచోట పెద్దది బిగించారు. వైరును కాపాడటానికే ఎంసీబీ ఉంది. పాత వైరు మీద పెద్దది పెడితే వైరు కాలేదాకా అది పడదు.

ఇక గ్రిల్లులు. కొండ దగ్గరి వీధులు కనుక కోతుల బాధకు బాల్కనీలన్నీ ఇనుప చువ్వలతో బిగించుకున్నాం. ఇంట్లో చంటిపిల్లలుంటే ఎవరైనా అదే చేస్తారు. అయితే మెట్లు పొగతో నిండితే మిగిలే దారి బాల్కనీయే. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెన వేసినా చువ్వలు కోసేదాకా లోపలివారిని దించలేరు. గ్రిల్లులో మనిషి దూరేంత తలుపు పెట్టించి, తాళంచెవి పక్కనే కొక్కేనికి వేలాడదీయమన్నాం. కోతులు గడియ తీస్తాయి గానీ తాళం తీయలేవు. ఈ పనిలో వచ్చిన స్పందన నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. ఒక వీధి మొత్తానికి ఒకే వెల్డరును మాట్లాడి చేయించుకున్నాం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. మన సంఘం కార్యాలయం మీది అంతస్తులో ఏళ్లుగా పిల్లలకు వేసవి తరగతులు జరుగుతున్నాయి. పైన రేకుల షెడ్డు, దిగడానికి ఒకటే ఇనుప మెట్లదారి. 2019 మే 24న సూరత్‌లో 22 మంది విద్యార్థులను బలిగొన్న కోచింగ్ కేంద్రం కూడా పైకప్పు మీద వేసిన తాత్కాలిక నిర్మాణమే. ఆ వార్త వచ్చిన వేసవిలోనూ మనం తరగతులు ఆపలేదు. ఈ ఏడాది ఆపాం. ఇకపై అవి కింది హాలులో, రెండు తలుపులూ తెరిచి ఉంచి జరుగుతాయి.

అభ్యంతరాలూ వచ్చాయి. పదవీ విరమణ చేసి అద్దె మీదే బతుకుతున్న సభ్యులు కొందరు, ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా అన్నారు. వారి అద్దె పోవాలని సంఘం కోరడం లేదు. ఆ ఇంట్లో అద్దెకుండే పిల్లలు క్షేమంగా దిగే దారి ఉండాలని మాత్రమే కోరుతోంది. మరికొందరు, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఎత్తైన భవనాలకే కదా అని అడిగారు. వ్యాపార భవనాలకు 15 మీటర్లు, నివాసాలకు 18 మీటర్లు అన్నది నిజమే. బడులు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే భవనాలకు మాత్రం 6 మీటర్ల ఎత్తుకే ఆ పత్రం అవసరమవుతుంది. రెండంతస్తుల ఇల్లు ఆ ఎత్తును తేలికగా అందుకుంటుంది. ఒకవేళ పత్రం అవసరం లేని ఇల్లే అయినా, మెట్లకు అడ్డంగా బండి పెట్టవచ్చని దాని అర్థం కాదు.

అగ్నిమాపక వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు మరణించిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం వాటిని పాటిస్తారు. ఆ వారంలో మన వీధిలో మంటలార్పే పద్ధతులు చూపించమని విజ్ఞప్తి ఇచ్చాం. ఆ రోజు హాస్టలు పిల్లలను, ట్యూషను పిల్లలను, గదుల్లో పనిచేసేవారిని తప్పక పంపండి. 101 నంబరు ప్రతి మెట్ల దగ్గర పెద్ద అక్షరాలతో రాయించే ఖర్చు సంఘానిదే.

పూర్తికాని పని ఒకటి మిగిలింది. ఆడపిల్లల హాస్టలు నడుస్తున్న భవనానికి వెనక నుంచి రెండో మెట్లదారి వేయాలంటే పక్కింటివారి ప్రహరీ పక్కన మూడడుగుల స్థలం కావాలి. ఇద్దరు యజమానులూ మన సభ్యులే, ఇద్దరూ ఈ సభలో ఉన్నారు. నివేదిక ముగిశాక ఆ ఒక్క అంశం మీదే చర్చ పెట్టాలని అధ్యక్షులను కోరుతున్నాను.

కార్యదర్శి